విశాఖ నుంచి హోప్ ఐలాండ్ మీదుగా గౌతమి మొగకు తెరచాప పడవలో వెళ్ళడానికి ఏ నెల, ఏ పోటు అనుకూలం?

ప్రశ్న: విశాఖ_తెరచాప

అందరికీ నమస్కారం. మాది ఏడున్నర మీటర్ల పొడవున్న తెరచాప పడవ. అడుగున కదలని కీల్ (నీటిలోకి దిగి పడవను నిలకడగా ఉంచే బరువైన రెక్క) ఉంది కాబట్టి పడవ నీటిలోకి 1.2 మీటర్ల లోతు దిగుతుంది. వెనుక చిన్న ఔట్‌బోర్డు ఇంజను ఉంది. ఇంతవరకు మేము భీమిలి నుంచి పూడిమడక వరకు ఉన్న తీరంలోనే, చాలావరకు పగటిపూట తిరిగాము. ఇప్పుడు నేనూ మరో ఇద్దరు మిత్రులూ కలిసి విశాఖ నుంచి బయలుదేరి, కాకినాడ ఎదుట ఉన్న హోప్ ఐలాండ్ చాటున లంగరు వేసి, అక్కడి నుంచి దీవికి సముద్రం వైపున దక్షిణంగా దిగి, గౌతమీ గోదావరి మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) గుండా లోపలికి ప్రవేశించి యానాం చేరాలని అనుకుంటున్నాము.

పటం మీద కొలిస్తే విశాఖ నుంచి కాకినాడ అఖాతం వరకు సుమారు 70 నాటికల్ మైళ్ళు వస్తున్నది. ఆ దూరం గురించి నాకు పెద్ద బెంగ లేదు. ఏ నెలలో వెళ్ళాలి, రాత్రి ప్రయాణం తప్పదా, అన్నిటికన్నా ముఖ్యంగా మా పడవ లోతుకు గౌతమి మొగలో ఇసుక మేట దాటడం సాధ్యమేనా అన్నవి నా సందేహాలు. ఆ నీళ్ళు ఎరిగినవారు చెబితే మేలు చేసినవారవుతారు.

సమాధానం: కోస్తా_నావికుడు

నమస్కారమండి. కోస్తా సరకు ఓడలలో డెక్ అధికారిగా ఈ తీరం వెంట చాలా కాలం తిరిగినవాడిని. ఇప్పుడు విశాఖలోనే ఉంటున్నాను. మొగ గురించి నాకన్నా బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారు కాబట్టి నేను సముద్రం మీది భాగానికే పరిమితమవుతాను.

ముందు రుతువు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈ ప్రయాణం తలపెట్టవద్దు. ఈశాన్య గాలి మీకు అనుకూలమే, తీరం వెంట నీటి ప్రవాహం కూడా ఆ నెలల్లో దక్షిణానికే సాగుతుంది, అందువల్ల చూడటానికి అన్నీ కలిసివచ్చినట్లే ఉంటుంది. అయితే బంగాళాఖాతంలో తుపానులు ఎక్కువగా వచ్చేది కూడా అప్పుడే. 1996 నవంబరులో కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను కోనసీమను ఎలా నేలమట్టం చేసిందో, వేటకు వెళ్ళిన ఎందరు మత్స్యకారులు తిరిగి రాలేదో ఆ తరంవారికి చెప్పనవసరం లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదనే తీరం దాటింది. 2018 డిసెంబరులో ఫెథాయ్ సరిగ్గా మీరు వెళ్ళదలచిన యానాం పరిసరాల్లోనే ఒడ్డెక్కింది. ఏప్రిల్, మే నెలల్లోనూ తుపానుల ముప్పు ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి గాలి మీ ముఖానికే కొడుతుంది, గోదావరికి వరద కూడా వస్తుంది. ఈ నెలలన్నీ తీసివేస్తే మిగిలేవి జనవరి, ఫిబ్రవరి, మార్చి. ఈ మూడింటిలో, ముఖ్యంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో, మన సముద్రంలో తుపాను పుట్టడం చాలా అరుదు.

జనవరిలో వెళితే ఈశాన్య గాలి ఇంకా మిగిలి ఉంటుంది. మీ దారి దాదాపు నైరుతి దిక్కుకు కాబట్టి గాలి సరిగ్గా వెనుక నుంచి వస్తుంది. వెనుక గాలి సుఖంగా ఉంటుందన్నది నిజమే, కానీ చీకట్లో చుక్కాని పట్టుకున్న మనిషి కాస్త ఏమరినా తెరచాప అడుగున ఉండే అడ్డకొయ్య ఒక్కసారిగా ఇటు నుంచి అటు కొట్టుకుపోతుంది. దానికి ఎదురుపడిన తల పగలవచ్చు. ఆ కొయ్యను ముందు వైపుకు లాగి కట్టే తాడు పగలే బిగించుకుని, గాలిని సరిగ్గా వీపు మీద పెట్టుకోకుండా కొంచెం పక్కకు ఉంచి నడపండి. దూరం రెండు మూడు మైళ్ళు పెరిగినా అదే క్షేమం.

రాత్రి ప్రయాణం తప్పదు. నాలుగున్నర నాట్ల (గంటకు నాలుగున్నర నాటికల్ మైళ్ళ) సగటు వేగంతో 70 మైళ్ళకు పదిహేను గంటలకు పైనే పడుతుంది. ఉదయం బయలుదేరితే అర్ధరాత్రి వేళ కాకినాడ ఎదుట ఉంటారు. కొత్తవారు అక్కడ చీకట్లో ఉండకూడదు. కాకినాడలో లోతైన నీటి రేవుతో పాటు పాత యాంకరేజి రేవు కూడా ఉంది. ఓడలు సముద్రంలోనే లంగరు వేసి నిలబడతాయి, బార్జీలు సరకును వాటికీ ఒడ్డుకూ మధ్య చేరవేస్తుంటాయి. నిలిచిన ఓడల కాంతిలో కదిలే బార్జీ దీపం కంటికి ఆనదు. అందువల్ల మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో విశాఖ వదలండి. గంగవరం రేవుకు వచ్చిపోయే ఓడల దారిని వెలుగుండగానే దాటవచ్చు, తెల్లవారేసరికి వాకలపూడి దీపస్తంభం కనుచూపులోకి వస్తుంది.

తీరానికి ఎంత ఎడంగా వెళ్ళాలన్నది మరో సంగతి. ఒడ్డుకు దగ్గరగా వెళితే పూడిమడక, బంగారమ్మపాలెం, పెంటకోట, ఉప్పాడ వరకు పొడవునా వలలే ఉంటాయి. రాత్రి వేళ వలకు కట్టిన చిన్న మిణుకు దీపం కనిపించినా వల ఏ వైపుకు పరచి ఉందో తెలియదు, కీల్‌కూ చుక్కానికీ వల చుట్టుకుంటే విడిపించుకోవడం మీకు గండం, తెగిన వల దాని యజమానికి పెద్ద నష్టం. మరీ దూరం వెళితే పెద్ద ఓడల దారిలో పడతారు. ఆరు నుంచి ఎనిమిది మైళ్ళ ఎడం నేను ఎంచుకుంటాను. గంగవరం దాటిన తరువాత కాకినాడ వరకు మీ లోతు పడవ ధైర్యంగా దూరదగిన ఆశ్రయం లేదనే అనుకోండి. పూడిమడక తెరిచి ఉన్న ఒడ్డు, పెంటకోట దగ్గర తాండవ ఏటి మొగ మెరక. కాబట్టి బయలుదేరే ముందు హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే సముద్రస్థితి సూచననూ, విశాఖ తుపాను హెచ్చరిక కేంద్రం ప్రకటననూ రెండింటినీ చూసి, రెండూ అనుకూలంగా ఉంటేనే తాడు విప్పండి.

హోప్ ఐలాండ్ ఉత్తరం వైపుకు సాగిన సన్నని ఇసుక పట్టీ. అఖాతం నోరు కూడా ఉత్తరానికే ఉంది. దీవి కొన మీకు కనిపించిన చోటే ఆగిపోదు, నీటి అడుగున ఇంకా ముందుకు సాగి ఉంటుంది. కొనను దూరంగా చుట్టి, లోతు కొలుచుకుంటూ పడమటి వైపుకు రండి. అక్కడ ఈశాన్యపు కెరటం తగలదు, అడుగున బురద కాబట్టి లంగరు గట్టిగా పడుతుంది. అఖాతం దక్షిణానికి పోయేకొద్దీ మెరక అవుతుంది, అటు మాత్రం పోవద్దు.

సమాధానం: కోరింగ_వాసి

విశాఖ_తెరచాప గారికి నమస్కారం. మాది తాళ్ళరేవు మండలం. మా ఇంటివారు తరతరాలుగా భైరవపాలెం వైపు నుంచి వేటకు వెళ్ళేవారు, నేను చదువుకుని విశాఖలో ఉద్యోగం చేస్తున్నా ఆ నీళ్ళతో సంబంధం తెగిపోలేదు. మీరు 70 మైళ్ళ గురించి బెంగలేదని వ్రాశారు. మొత్తం ప్రయాణాన్ని నిర్ణయించవలసింది మొగ దగ్గర ఉండే ఒక అర మైలు నీరు. ముందుగా మొగ దాటే రోజునూ గంటనూ నిర్ణయించుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కవేసి విశాఖలో బయలుదేరే రోజు తేల్చుకోవాలి.

గోదావరి ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠలుగా చీలుతుంది. వరద నెలల్లో గౌతమి తెచ్చే ఇసుకను కెరటాలు తిరిగి ఒడ్డుకు నెడతాయి, తీరం వెంట సాగే నీరు దానిని ఉత్తరానికి జరుపుతుంది. హోప్ ఐలాండ్ ఏర్పడినదే అలా. రెండు వందల ఏళ్ళ క్రితం అది లేదు. పెద్ద ఓడలు మరమ్మతుకు వచ్చిన కోరింగ రేవు 1839 నవంబరు తుపాను ఉప్పెనలో ధ్వంసమైంది, ఆ తరువాత మేట వేసిపోయింది. నేడు అక్కడ మడ అడవులు చూడటానికి జనం వస్తారు గానీ ఓడలు నిలిచిన చోటు చూపించమంటే చూపించగలిగేది బురదనే. ఇంత మారిన చోట మొన్నటి వరదకు ముందు గీసిన పటాన్ని నమ్మి కీల్ పడవను మొగలోకి తేవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. దెహ్రాదూన్‌లోని జాతీయ జలమాపన కార్యాలయం వారి పటం సముద్రం మీద మీకు తప్పనిసరి. మొగలో మాత్రం నిన్నటి రోజున ఆ నీటిలో పడవ నడిపిన మనిషి మాటే ప్రమాణం.

వరద తీసిన వెంటనే మొగ లోతుగా ఉంటుంది. ఆ తరువాత ఆనకట్ట నుంచి నీరు కాలువలకు మళ్ళుతుంది కాబట్టి ఏటికి ఇసుకను తోసే బలం తగ్గుతుంది, వేసవి వచ్చేకొద్దీ మేట పెరుగుతుంది. మరొక విషయం చాలామంది గమనించరు. మన తీరంలో సముద్రమట్టం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. అక్టోబరు, నవంబరులలో ఎక్కువగా, ఫిబ్రవరి, మార్చిలలో తక్కువగా ఉంటుంది. అంటే ప్రయాణానికి వాతావరణం మంచిగా ఉన్న నెలల్లోనే మొగలో నీరు తక్కువ.

ఇప్పుడు మీ పడవ లెక్క చూద్దాం. కాకినాడ దగ్గర పౌర్ణమి, అమావాస్యలకు పోటుకూ పాటుకూ తేడా సుమారు 1.4 మీటర్లు. అష్టమి ప్రాంతంలో అందులో సగం కూడా ఉండదు. ఉదాహరణకు పూర్తి పాటులో మేట మీద ఒక మీటరు నీరు ఉందనుకుందాం. పోటు నాలుగు గంటలు ఎక్కేసరికి మొత్తం పెరుగుదలలో నాలుగింట మూడు వంతులు వస్తుంది, అంటే 1.05 మీటర్లు, మొత్తం 2.05. మీ పడవకు 1.2 కావాలి, కీల్ కింద అర మీటరు భద్రత కావాలి, ఇక మిగిలింది 0.35. కెరటం పల్లంలో పడవ దిగే లోతు కెరటం ఎత్తులో సగం అనుకుంటే, కెరటం 0.7 మీటర్లు దాటని రోజునే మీరు లోపలికి రాగలరు. తెరిచిన సముద్రపు మొగలో అటువంటి రోజులు ఉంటాయి గానీ మీరు కోరిన రోజున ఉంటాయని చెప్పలేము.

పూర్తి పోటు వచ్చేదాకా ఆగితే ఇంకో అడుగు నీరు దొరుకుతుంది కదా అని మీకు తోచవచ్చు. అలా చేయవద్దు. నిండు పోటు మీద మేటకు తగిలితే ఆపైన నీరు తగ్గడమే తప్ప పెరగడం ఉండదు. అది పౌర్ణమి పోటు అయితే మరుసటి పోటులు కూడా రోజురోజుకూ చిన్నవవుతాయి, ఈలోగా కెరటాలు పడవను ఇసుకకేసి కొట్టి కొట్టి పగలగొడతాయి. పోటు ఇంకా ఎక్కుతుండగా, పౌర్ణమికో అమావాస్యకో రెండు రోజుల ముందు దాటాలి. అప్పుడు తగిలినా లేపే నీరు వెనకనే వస్తుంది. పాటు సమయంలో మాత్రం ఎంత లోతున్నా రావద్దు. బయటికి పోయే ఏటి నీరు లోపలికి వచ్చే కెరటాన్ని ఎదుర్కొంటే కెరటం పొట్టిగా, నిటారుగా లేచి విరుగుతుంది. మా వైపు ఫైబర్ పడవలు తిరగబడేది ఎక్కువగా అక్కడే.

దారి చూపడానికి భైరవపాలెం పడవను మాట్లాడుకుంటే ముందు నడుస్తారు. కానీ మాట స్పష్టంగా ఉండాలి. వారి పడవకు రెండడుగుల నీరు చాలు కాబట్టి "లోతుందండీ, రండి" అన్న మాట వారి పడవకు సంబంధించినది. ఎంత లోతు అని బారల్లో అడగండి, లేదా మీ కీల్ అడుగు ఎక్కడికి వస్తుందో గెడ మీద గుర్తు కట్టి ఆ గెడను వారి చేతికివ్వండి. ఆ గుర్తు మునిగితే సరి, లేకుంటే లేదు.

మీ స్థానంలో నేనుంటే ఏం చేస్తానని అడిగితే, తెరచాప పడవను హోప్ ఐలాండ్ చాటునో కాకినాడలో అనుమతించిన చోటనో ఒకరిని కాపలా ఉంచి వదిలి, అఖాతం వైపు నుంచి కోరింగ ఏటి గుండా స్థానిక పడవలో యానాం వెళతాను. కోరింగ ఏరు యానాం దగ్గరే గౌతమి నుంచి విడిపోతుంది. మడ అడవుల నడుమ సాగే ఆ దారిలో కెరటం లేదు, కొంగలూ నీటిపిల్లుల అడుగుజాడలూ చూడగలిగినవాడికి గౌతమి మొగ కన్నా అదే ఎక్కువ ఇస్తుంది.

సమాధానం: ఇసుకతీరం

పై ఇద్దరూ చెప్పినదానికి చిన్న చేర్పు. కోరింగ వన్యప్రాణి అభయారణ్యం 1978 నుంచి ఉంది, అందువల్ల ఆ ప్రాంతంలో దిగాలంటే అటవీశాఖ అనుమతి ముందే తీసుకోవాలి. మీరు అనుకుంటున్న జనవరి నుంచి మార్చి వరకు ఉన్న కాలంలోనే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు హోప్ ఐలాండ్ సముద్రపు ఒడ్డున గుడ్లు పెడతాయి. రాత్రి వేళ ఆ ఒడ్డున దిగవద్దు, ఒడ్డు వైపుకు దీపం వేయవద్దు. వెలుగు చూసి తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనుదిరుగుతుంది, పిల్లలు సముద్రం అనుకుని దీపం వైపు నడుస్తాయి. తీరానికి దగ్గరగా ఇంజను మీద నడిపేటప్పుడు నీటిపై తేలే తాబేలు కోసం ముందు భాగంలో ఒక మనిషిని నిలబెట్టండి.

విశాఖ నౌకాదళం ఉన్న రేవు. బయలుదేరే సమయం, దారి, పడవలో ఉన్నవారి వివరాలు రేవు అధికారులకూ, తీరరక్షక దళానికీ, మెరైన్ పోలీసులకూ వ్రాతపూర్వకంగా ఇచ్చి వెళ్ళండి. 2008 నవంబరు ముంబయి దాడుల తరువాత తీరంలో తనిఖీలు పెరిగాయి, గుర్తింపు పత్రాలు అందరి దగ్గరా ఉండాలి. యానాం పుదుచ్చేరి పాలనలోనిది కాబట్టి అక్కడి పోలీసులకు వేరుగా తెలియజేయాలి. వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ ఛానల్ ఎప్పుడూ తెరిచి ఉంచండి. ఫోను అందే దూరంలో ఆపద వస్తే తీరరక్షక దళం నంబరు 1554. గౌతమికి దక్షిణంగా, సూరసాని యానాం ఎదుట రవ్వ చమురు క్షేత్రపు వేదికలు ఉన్నాయి. అటువంటి వేదికల చుట్టూ 500 మీటర్ల లోపలికి వెళ్ళరాదు. రాత్రి వాటి దీపాలు దూరానికి కనిపిస్తాయి, మీరు మొగను దాటి దక్షిణానికి వచ్చేశారని తెలుసుకోవడానికి అవి పనికివస్తాయి.

ప్రశ్నించినవారు: విశాఖ_తెరచాప

మీ ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. కోరింగ_వాసి గారి లెక్క చదివిన తరువాత కీల్ పడవతో గౌతమి మొగ దాటే ఆలోచన విరమించుకున్నాము. హోప్ ఐలాండ్ చాటున ఇద్దరం, లోపలి దారిన ఒకరం చొప్పున వంతులు వేసుకుంటాము. అయితే మాకు దొరికేది వారం రోజుల సెలవు మాత్రమే. జనవరిలో ఈశాన్య గాలితో వెళితే తిరుగు ప్రయాణం గాలికి ఎదురవుతుంది కదా. వెళ్ళడానికీ రావడానికీ రెండింటికీ సరిపడే వారం ఏదైనా ఉందా? మొగ దాటడం లేదు కాబట్టి పోటును ఇక పట్టించుకోనక్కరలేదా?

సమాధానం: కోస్తా_నావికుడు

ఫిబ్రవరి రెండవ సగం చూసుకోండి. ఈశాన్య గాలి అప్పటికి సన్నగిల్లుతుంది, దక్షిణపు గాలి ఇంకా బలపడి ఉండదు. రాత్రి నేల మీది నుంచి వచ్చే గాలి పక్కనుంచి తగులుతూ మిమ్మల్ని కాకినాడకు దింపుతుంది. అది తీరానికి దగ్గరగానే ఉంటుంది కాబట్టి నేను ముందు చెప్పిన ఎడాన్ని ఆరు మైళ్ళకు మించనివ్వకండి. తిరుగు ప్రయాణంలో మధ్యాహ్నపు సముద్రపు గాలి ఆగ్నేయం నుంచి వస్తుంది, ఈశాన్యానికి పోయే పడవకు అది పక్కగాలి. తీరం వెంట నీరు కూడా ఫిబ్రవరి నుంచి ఉత్తరానికి మళ్ళి మార్చి, ఏప్రిల్‌లలో బలపడుతుంది. వెళ్ళేటప్పుడు కొంత ఎదురైనా వచ్చేటప్పుడు మీకు తోడు. గాలి పూర్తిగా పడిపోయే గంటలు ఆ నెలలో ఉంటాయి, ఇంజనుకు కనీసం సగం దూరానికి సరిపడే ఇంధనం ఉంచుకోండి.

సమాధానం: కోరింగ_వాసి

పోటును పట్టించుకోవలసిందేనండి. కోరింగ ఏటిలో పాటు వేళ నీరు బాగా తగ్గి స్థానిక పడవలు కూడా బురదలో కూర్చుంటాయి. పోటుతో పాటు లోపలికి వెళ్ళి, యానాంలో రాత్రి ఉండి, మరునాటి పోటు నిండిన వెంటనే పాటు మొదలవుతుండగా బయలుదేరితే నీరే మిమ్మల్ని అఖాతం వైపు తెస్తుంది. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుందని గుర్తుంచుకుని పడవవారితో వేళ మాట్లాడుకోండి. ఈ దారికి అష్టమి పోటు కన్నా పౌర్ణమి, అమావాస్యలకు దగ్గరి రోజులే మేలు. యానాం–యెదుర్లంక వంతెన వరకు వెళ్ళి అక్కడి నుంచి గౌతమి వెడల్పు చూసి రండి. అఖాతంలో మీ పడవ దగ్గర ఉండేవారు పాటు వేళ లోతు మరోసారి కొలిచి, కీల్ కింద నీరు తక్కువైతే లంగరును ఉత్తరానికి, లోతు వైపుకు మార్చుకోవాలి.